తాగుబోతు జీపు

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. మిగతాది చదివాక మీరు నన్ను ధైర్యవంతురాలు అనుకునే ప్రమాదం ఉంది. చీకటి పడ్డాక పెరట్లోకి ఒంటరిగా వెళ్ళను. బల్లి మీద పడితే మూడు రోజులు అన్నం సయించదు. పోలీసు జీపు మా వీధిలోకి వస్తే, ఇంట్లో ఎవరూ ఏ తప్పూ చేయకపోయినా, తలుపు దగ్గరగా వేసేదాన్ని. ఆ జీపు నడిపేది మా ఆయనే అయినా సరే.

అలాంటి జీపు మా వాకిట్లోనే కాపురం పెట్టింది. పోయిన వేసవిలో దాన్ని నేనే నడపాల్సి వచ్చింది.

మా ఆయన మోహనకృష్ణ హోంగార్డు. నాకు మేనబావ కూడా, అందుకే పెళ్ళై ఇరవై ఏళ్ళయినా బావ అనే పిలుస్తాను. తొమ్మిదేళ్ళు స్టేషన్ జీపుకి డ్రైవరుగా చేశాడు. ఆ జీపుకి తాగుబోతని పేరు. లీటరు డీజిలు పోస్తే ఏడు కిలోమీటర్లు, మహా అయితే ఎనిమిది. అదే కంపెనీ బండి పక్క స్టేషన్లో పదకొండు ఇస్తుంటే దీనికేం రోగమని వచ్చిన ప్రతి అధికారీ విసుక్కునేవాడట. మెకానిక్కులు విప్పి చూశారు, మార్చగలిగినవి మార్చారు, ఏమీ తేలలేదు. ఆఖరికి పనికిరాదని రాసేసి వేలానికి పెట్టారు. తాగుబోతు బండిని ఎవరు కొంటారు? బావ కొన్నాడు.

మా అత్త కూర్మమ్మ ఆ రోజు గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఊరు తోలేసిన గొడ్డుని మేపడానికి మనవే దొరికేమేటి?" అంది. బావ నవ్వి ఊరుకున్నాడు. ఆ బండి ఇంజిను గుండెకాయలాంటిదని, నడిచింది తక్కువ, స్టేషన్ ముందు స్టార్టు చేసి నిలబెట్టింది ఎక్కువ కాబట్టి మీటరు చూసి మోసపోకూడదని, అయినా ఇంకో పదేళ్ళు ఢోకా లేదని నాకు పాఠం చెప్పాడు. తెల్ల రంగు వేయించాడు. ఎండ ఏటవాలుగా పడినప్పుడు మాత్రం తలుపు మీద పోలీస్ అన్న అక్షరాలు రంగు కింద నుంచి ఉబ్బి కనిపించేవి. జీడిపప్పు ఫ్యాక్టరీలకి ఆడవాళ్ళని తీసుకెళ్ళి తీసుకురావడానికని కొన్న బండి అది. ఒక్క జీడి సీజనే నడిచింది. మరుసటి శీతాకాలానికి బావ కాళ్ళు నీరు పట్టాయి.

మాది ఉద్దానం. కిడ్నీ జబ్బు గురించి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వీధికి ఇద్దరున్నారు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే పిల్లలెలా ఉన్నారని అడిగినట్టే క్రియాటినిన్ ఎంతుందని అడుగుతారు. ఒకటి చుట్టూ ఉండాల్సింది బావది తొమ్మిది దాటింది. సోమవారం, గురువారం, వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్ చేయించాలన్నారు. మా ఊరి నుంచి పాతిక కిలోమీటర్లు. మొదట్లో ఆటోలో వెళ్ళేవాళ్ళం. తిరిగొచ్చేటప్పుడు కుదుపులకి వాంతులు చేసుకుని ఒళ్ళో వాలిపోయేవాడు. మిషను మీంచి లేచాక బీపీ పడిపోతుంది, తను స్టీరింగు పట్టుకోకూడదు. వాకిట్లో జీపుంది. నడిపేవాళ్ళు లేరు.

"ఈశ్వరీ, నువ్వు నేర్సుకో," అన్నాడు.

నాకు సైకిలే రాదు. ఆ మాటే చెప్పాను. సైకిలు వస్తే జీపు రాదు, ఏదీ రానివాళ్ళకే జీపు బేగి వస్తుందని ఒక అబద్ధం చెప్పాడు. మార్చి నెల పొద్దుటి పూటలు కొబ్బరితోటల మధ్య మట్టి దారిలో నేర్పించాడు. ఆ జీపుది దొంగల్ని తరిమిన ప్రాణం. క్లచ్చు కాస్త వదిలానో లేదో ముందుకి దూకేది. రెండో గేరులో ఊరుకోమన్నా ఊరుకోదు. నేను కళ్ళు మూసుకునేదాన్ని. కళ్ళు మూసుకుని నడిపే డ్రైవర్ని తన సర్వీసులో చూళ్ళేదని బావ అనేవాడు. వెనక చూసే అద్దం తిప్పి పెట్టుకునే నెపంతో అందులో ముఖం చూసుకుని, అదనంగా ఒక బొట్టుబిళ్ళ దాని అంచుకి అంటించుకున్నాను. చెమటకి నుదుటి మీది బిళ్ళ జారిపోతే అక్కడి నుంచి తీసి పెట్టుకోవచ్చు. పోలీసు బండిలో బొట్టుబిళ్ళ ఉంటే దానికి కాస్త సంసారపక్షం కళ వస్తుందని కూడా అనుకున్నాను.

రెండు విషయాలు మాత్రం బావ ఎగతాళి లేకుండా చెప్పాడు. ఒకటి, డీజిలు అయిపోతే మళ్ళీ పోసి తాళం తిప్పినంత మాత్రాన బండి లేవదు, గొట్టాల్లో గాలి చేరుతుంది, దాన్ని తీయాలి. బానెట్టు ఎత్తి, ఫిల్టరు పక్కనున్న చిన్న చేతిపంపు ఎలా నొక్కాలో నా చేతే పదిసార్లు నొక్కించాడు. రెండోది డీజిలు ముల్లు గురించి.

"ముల్లు సూడకు. మీటరు సూడు. పది లీటర్లు పోయించు, వంద తిరగ్గానే మళ్ళీ పది పోయించు. ముల్లు ఎక్కడున్నా నీకనవసరం."

పాత ముల్లని, నమ్మకూడదని అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. నాకు అడగడం అలవాటు లేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని భయం.

ఏప్రిల్ మొదటివారం నుంచి నేను డ్రైవర్ని. ముప్పై ఐదు దాటనిచ్చేదాన్ని కాదు. వెనకనుంచి ఆటోలు కూడా హారన్ కొట్టి దాటిపోయేవి. ఎదురొచ్చేవాళ్ళు మాత్రం దూరం నుంచి ఆ మొహం, ఆ ముందు గ్రిల్లు చూసి బండి పక్కకి తీసేవాళ్ళు. హెల్మెట్ లేని కుర్రాళ్ళు సందుల్లోకి తిరిగిపోయేవాళ్ళు. దగ్గరికి వచ్చాక చూస్తే స్టీరింగు కౌగిలించుకుని కూర్చున్న నేను.

బావ చెప్పాడని ఒక నోట్‌బుక్‌లో కిలోమీటర్లు రాసేదాన్ని. ఒకసారి ట్యాంకు నిండా పోయించి, మూడుసార్లు పలాస వెళ్ళొచ్చి, మళ్ళీ నిండా పోయిస్తే పదమూడు లీటర్లే పట్టింది. నూట యాభై కిలోమీటర్లకి పదమూడు. భాగించి చూసుకుంటే లీటరుకి పదకొండున్నర. మళ్ళీ మళ్ళీ భాగించాను. పెద్ద పెద్ద డ్రైవర్ల చేతుల్లో ఎనిమిదిచ్చిన తాగుబోతు నా చేతిలో పదకొండున్నర ఇస్తోంది. నా పుట్టుకలో దేనికీ అంత గర్వపడలేదు. అత్తకి చెప్పాను, పక్కింటి వాళ్ళకి చెప్పాను, బంకులో డీజిలు పోసే అతనికి కూడా చెప్పాను. నెమ్మదిగా తోలితే ఏ బండైనా మాట వింటుందని నీతులు కూడా చెప్పాను. బావకి చెప్పినప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తూ, "నీది మంచి కాలు," అన్నాడు.

మే నెల రెండోవారంలో మా ఊరి అమ్మవారి సంబరం వచ్చింది. సంబరానికి ఊరు కట్టేస్తారు. పొలిమేరల్లో వేపమండల తాడు కట్టి మంగళవారం సాయంత్రం నుంచి శనివారం తెల్లారేదాకా ఊళ్ళోవాళ్ళు బయటికి పోరు, బయటివాళ్ళు లోపలికి రారు. కట్టు దాటితే ఊరికి అరిష్టమని మా నమ్మకం. ఆ ముందు సోమవారం పలాస నుంచి రాగానే సంబరం కమిటీవాళ్ళు జీపు అడిగారు. సామాన్లు తేవాలన్నారు. ఊరి పనికి కాదనలేం. మంగళవారం సాయంత్రం తిరిగిచ్చేటప్పుడు, మీటరు తీగ తెగిపోయింది వదినా, పెద్దగా తిప్పలేదు, కట్టు విప్పాక బాగు చేయిస్తాం అన్నారు. మీటరులో అంకెలు కదలడం లేదు. ట్యాంకులో ఎంత మిగిలిందో చెప్పేది ఆ ముల్లొక్కటే. పావు గీతకి ఒక బియ్యపుగింజంత పైన ఉంది. చాలునులే అనుకున్నాను.

గురువారం సంగతి అప్పుడే గుర్తుకు రావాలి. వచ్చింది కూడా. గురువారం మిషను మీద పడుకోవాలి, గురువారం ఊరికి కట్టు. అత్తతో అన్నాను. అత్త బావకి తల్లి, నాకన్నా ఎక్కువే ఏడుస్తోంది లోపల్లోపల. అయినా, "అమ్మోరి కట్టు దాటితే నా కొడుక్కే తగుల్తాదే. రెండ్రోజులు ఆగితే ఏటీ కాదు," అంది. బావ కూడా ఆగుదామన్నాడు. పెద్దల దగ్గరికి వెళ్ళి అడుగుదామని చీర మార్చుకుని గుమ్మం దాకా వెళ్ళాను. పదిమంది మగవాళ్ళు కూర్చున్న పందిట్లోకి వెళ్ళి ఊరి కట్టు విప్పమని అడగాలి. వెనక్కి వచ్చి చీర మళ్ళీ మార్చుకున్నాను.

బావకి రోజుకి రెండు గ్లాసుల నీళ్ళకి మించి ఇవ్వకూడదు. రోళ్ళు పగిలే ఎండ. ఇంటింటి నుంచి పానకం, మజ్జిగ, పుచ్చకాయ ముక్కలు. ప్రసాదం కాదనకూడదని అత్త ఇచ్చింది, బావ తాగాడు, నేను చూస్తూ ఊరుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నానికి ముఖం ఉబ్బింది. సాయంత్రానికి పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరి అందదు. గోడకి దిండు ఆనించి కూర్చోబెట్టాను. గుండెల్లో నీళ్ళు గుడగుడలాడుతున్నట్టు చప్పుడు. ఆ చప్పుడు వింటూ తెల్లారేదాకా కూర్చున్నాను. ఈ మనిషి నా కళ్ళ ముందే మునిగిపోతాడని తెలుస్తోంది.

శనివారం తొలివెలుగుకి జీపు పొలిమేర దగ్గర నిలబెట్టాను. కమిటీ పెద్ద నరసింగరావు వేపతాడు విప్పుతున్నాడు. కిటికీలోంచి బావని చూసి ఆయన చేతులు ఆగిపోయాయి.

"గురువారం తీసికెల్లనేదా?" అన్నాడు.

కట్టు కదా అన్నాను.

"జబ్బు మనుసులకి కట్టేటమ్మా? అడిగితే ఆ పూటే పంపీవోళ్ళం కదా. ఎవులూ అడగనేదు."

ఆయన తాడు పక్కకి లాగేశాడు. నేను గేరు వేశాను. అది రెండుసార్లు తప్పి పడింది.

పొలిమేర దాటాక ఎనిమిది కిలోమీటర్లు జీడితోటలు. రోడ్డు మీద మనిషి లేడు. బావ పక్క సీట్లో దిండు మీద వాలి కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా భుజాలు పైకి లేస్తున్నాయి. యాభైకి పెంచాను. తోటల మధ్యలో ఇంజిను ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. తర్వాత చప్పుడంతా పోయి చక్రాలు రోడ్డు మీద దొర్లుతున్న శబ్దం ఒక్కటే మిగిలింది. దొర్లి దొర్లి జీపు ఆగిపోయింది.

తాళం తిప్పాను. స్టార్టరు మొత్తుకుంది తప్ప ఇంజిను లేవలేదు. మళ్ళీ తిప్పాను. దిగి బానెట్టు ఎత్తాను, ఏం చూడాలో తెలియక దించేశాను. ఏ వైరు తెగిందో, ఏది కాలిందో. బావ కళ్ళు తెరిచాడు.

"ముల్లెక్కడున్నాది?"

"పావుకి పైనే ఉంది బావా. డీజిలుంది."

కళ్ళు మళ్ళీ మూసుకున్నాడు. "నేదు," అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "అదే సున్నా. ట్యాంకులో తేలీ బుడ్డికి తీగుంటాది. నానే వంచేను."

ఎందుకని ఈసారి అడిగాను. చెయ్యెత్తి ఎడమవైపు తోటలోకి చూపించాడు. "అటు నూకయ్య ఇంజిను షెడ్డు. నా పేరు సెప్పు. డీజిలిస్తాడు."

ఆయన్ని ఆ రోడ్డు మీద ఒంటరిగా వదిలి వెళ్ళాలి. అద్దాలు పైకి ఎత్తితే గాలాడదు, దించితే ఎలుగుల భయం. మా దగ్గర వేసవి పొద్దుటి పూట ఎలుగులు రాలిన జీడిపళ్ళ కోసం, పనస పళ్ళ కోసం తోటల్లోకి దిగుతాయి. అంతకు ముందు నెలలోనే ఒకటి పక్క ఊళ్ళో ఒకామెని చీరేసింది. సగం అద్దాలు ఎత్తి తోటలో అడుగు పెట్టాను.

ఎలుగులున్న చోట చప్పుడు చేస్తూ నడవాలని చిన్నప్పుడు మా అమ్మ చెప్పేది. ఏం మాట్లాడాలో తోచలేదు. "పది లీటర్లకి వంద, పది లీటర్లకి వంద," అని గట్టిగా అనుకుంటూ నడిచాను. పుల్లటి జీడిపళ్ళ వాసన ముక్కు పగలగొడుతోంది. సగం దూరంలో నమిలే చప్పుడు వినిపించింది. చెట్ల మొదట్లో నల్లటి వీపు. నాకూ దానికీ మధ్య నాలుగు చెట్లు. నా నోట్లోంచి మాట ఆగిపోయింది. వెనక్కి తిరిగి పరిగెడదామనిపించింది, వెనక జీపులో ఆ మనిషి ఉన్నాడు, ముందు ఇది ఉంది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. "వంద," అన్నాను, ఏడుపు గొంతుతో, చాలా గట్టిగా. అది తలెత్తి నన్ను చూసింది. మళ్ళీ పండు మీదకి వంగింది. నేను దాని మీదనుంచి కళ్ళు తీయకుండా పక్కగా పక్కగా అడుగులు వేసి, షెడ్డు రేకులు కనపడ్డాక పరిగెత్తాను.

నూకయ్య అరవై దాటిన మనిషి. తోటకి నీళ్ళు తోడే డీజిలు ఇంజినుకి నూనె రాస్తున్నాడు. నేను ఎవరి భార్యనో, ఏం కావాలో ఒక్క గుక్కలో చెప్పాను. ఆయన షెడ్డు మూల గోనెసంచి తీసి, దాని కింద నుంచి నీలంరంగు డబ్బా బయటికి లాగాడు. ఎలుగు ఉందని చెప్తే కర్ర కూడా తీసుకున్నాడు.

నడుస్తుండగా, నేను అడగకుండానే అన్నాడు.

"ఈ డబ్బా మీ ఆయన్దే. నెలకి నాలుగు, సగం దరకి తెచ్చీవోడు. టేసను డీజిలు. ఈ తోటంతా ఆ నీళ్ళతోనే బతికింది తల్లీ. తొమ్మిదేళ్ళు తెచ్చినోడు ఇయ్యాల ఒక్క డబ్బా ఎనక్కి అడిగేడు."

నేను డబ్బా వంక చూశాను. బుడ్డి తీగ వంచితే ట్యాంకులోంచి ఒక డబ్బా తీసేసినా ముల్లు నిండుగానే చూపిస్తుంది. పక్క సీట్లో కూర్చున్న అధికారికి అనుమానం రాదు. స్టేషన్ పుస్తకంలో మాత్రం మైలేజీ పడిపోతుంది. ఎనిమిది. నాలుగడుగులు వేశాక మా ఇల్లు గుర్తొచ్చింది. తుఫానుకి మా పాక ఎగిరిపోయిన ఏడాదే బావ స్లాబు పోయించాడు. హోంగార్డు కూలికి స్లాబు ఎలా లేచిందని ఊరంతా అడిగింది. నేను అడగలేదు.

జీపు దగ్గరికి వచ్చేసరికి బావ తల కిటికీకి ఆనించి ఉన్నాడు. నూకయ్య డీజిలు పోశాడు. నేను బానెట్టు ఎత్తి, గాలి పోయే మర వదులు చేసి, చేతిపంపు నొక్కడం మొదలుపెట్టాను. బుడగలు, బుడగలు, ఇంకా బుడగలు. బొటనవేలు మొద్దుబారింది. బుడగలు ఆగి డీజిలు చిమ్మాక మర బిగించి తాళం తిప్పాను. మూడోసారికి లేచింది. బావ నూకయ్యకి దణ్ణం పెట్టబోయి చేతులు పైకి ఎత్తలేకపోయాడు. నూకయ్య ఆ చేతుల్ని పట్టుకుని కిందికి దించి, "ఎల్లండి, బేగి," అన్నాడు.

ఆ రోజు జీపు ఏమిటో నాకు తెలిసింది. మూడో గేరులో తొక్కితే వెనక్కి ఒరిగిపోయాను. అరవై, డెబ్భై ఉండొచ్చు, మీటరు చచ్చిపోయింది కాబట్టి ఎంతో చూసి భయపడే అవకాశం కూడా లేదు. మలుపుల్లో బండి రోడ్డుని కరుచుకుని తిరిగింది. దూరం నుంచే చూసి ఆటోలు పక్కకి దిగిపోయాయి. టీకొట్టు ముందు కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. అందరూ నన్ను చూసి భయపడుతున్నారు, నేను పక్క సీట్లోని ఊపిరి చప్పుడు విని భయపడుతున్నాను. అది ఆగితే నాకు ఇంజిను చప్పుడులో వినపడదేమోనని మాటిమాటికీ చెయ్యి చాపి ఆయన గుండె మీద పెట్టాను.

ఆసుపత్రిలో ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి లాక్కుపోయారు. ఒంట్లో ఐదు లీటర్ల నీరు ఎక్కువుందని, ఇంకో గంట ఆలస్యమైతే మాటలుండేవి కావని నర్సమ్మ నన్ను తిట్టింది. తిట్టనిచ్చాను. మిషను తిరగడం మొదలైందని చెప్పాక బయట బల్ల మీద కూలబడ్డాను.

చెబితే నవ్వుతారు. నాకు ఏడుపొచ్చింది ఆ పదకొండున్నర గురించి. సంచిలోంచి నోట్‌బుక్ తీసి చూశాను. నా మంచి కాలు లేదు, నా నెమ్మది లేదు. ఆ జీపు ఎప్పుడూ పదకొండున్నరే ఇచ్చింది. పాపం తాగకుండానే తొమ్మిదేళ్ళు తాగుబోతని పేరు మోసింది. నేను ఊరంతా తిరిగి గొప్పలు చెప్పుకుంటుంటే ఈ మనిషి కిటికీలోంచి బయటికి చూశాడు. కోపం వచ్చింది. ఆ కోపం మీద మళ్ళీ భయం వచ్చింది, కోపం ఉండగానే పోతాడేమోనని.

మూడు గంటలయ్యాక లోపలికి రమ్మన్నారు. ముఖం వాపు తీసింది. నన్ను చూసి తల పక్కకి తిప్పుకున్నాడు. అటు చూస్తూనే మాట్లాడాడు.

"ఆ డీజిలు పాపమే నాకు తగిల్నాదే. రోజూ అదే అనుకుంటన్నాను."

ఆ గదిలో ఎనిమిది మంచాలున్నాయి. ఎనిమిదింటి మీదా మా వైపు వాళ్ళే. జీడిపిక్కలు కొట్టే ఆమె, గుడి పూజారి కొడుకు, కొబ్బరిచెట్లు ఎక్కే అతను, పెళ్ళి కుదిరిన ఒక పిల్ల.

"ఈళ్ళందరూ డీజిలు దొంగిలించినారేటి బావా?" అన్నాను.

ఆయన ఆ మంచాల వైపు చూశాడు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదకి కారాయి. తుడుచుకోబోతే చేతికి సూదులున్నాయి, నేనే కొంగుతో తుడిచాను. చేసింది తప్పు కాదని నేను అనలేదు. తప్పే. స్లాబు కింద పడుకున్నది నేను కూడా. అది కూడా చెప్పాను.

మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో బంకు ముందు జీపు ఆపాను. ముల్లు పొద్దుటికన్నా కాస్త పైకి లేచి ఉంది, నూకయ్య పోసినదాంట్లో మిగిలినంత. ముల్లు బాగు చేయించే మెకానిక్కు ఎప్పుడు దొరుకుతాడో తెలియదు. పొద్దున్న అది ఎక్కడ నిలబడిందో నాకు బాగా గుర్తు. పావు గీత, దాని మీద బియ్యపుగింజ. నా నుదుటి మీది బొట్టుబిళ్ళ తీశాను.

బావ నా మణికట్టు పట్టుకున్నాడు. అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో.

"అదేటే, నానుండగానే?"

ఆ కళ్ళలో నాకన్నా పెద్ద భయం చూశాను. పొద్దుటినుంచి కాదు, చాలా రోజులుగా ఉన్నట్టుంది అక్కడ. నేను అడగలేదు కాబట్టి చూడలేదు.

"సున్నా ఎక్కడో తెలియాల కదా," అని, చెయ్యి విడిపించుకుని ఆ బిళ్ళని ముల్లు అద్దం మీద అంటించి వేలితో నొక్కాను. వెనక చూసే అద్దం అంచున దాచుకున్న రెండోదాన్ని తీసి నుదుటి మీద పెట్టుకున్నాను. కొంచెం వంకరగా పడిందని బావే సరిచేశాడు.

ఆ ఎర్రటి బిళ్ళ వంక చూశాడు. "నాకూ ఎక్కడో ఒకటి అంటించు," అన్నాడు. "నానెక్కడ అయిపోతానో నీకు ముందే తెలుస్తాది."

నవ్వబోయాడు. నాకు నవ్వు రాలేదు.

బంకు అతను వచ్చి ఎప్పటిలాగే పది లీటర్లేనా అని అడిగాడు. నిండా పొయ్యమన్నాను.